నూనెలో కాపురం

నా ఒంట్లో సగం పాత సామానే. లోపలి ఇనుప రేకులు ఒకప్పుడు పొలం గట్టున కాలిపోయిన వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్‌వి. నెత్తిన ఉన్న పింగాణీ బుషింగ్ 11 కేవీ తుక్కులోంచి ఏరి తెచ్చింది. నూనె ఒక్కటే కొత్తది. దొరికింది కదా అని పాత నూనె పోయడానికి మా పెద్దాయన ఒప్పుకోలేదు. ఏ కాలంనాటి డబ్బాలో పీసీబీ విషం కలిసి ఉందో వాసన చూసి చెప్పలేమని ఆయన వాదన.

పెద్దాయన పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో ఈఎస్పీ మెయింటెనెన్స్ చూసి రిటైరయ్యారు. బాయిలర్ పొగ చిమ్నీకి చేరేలోపు అందులోని బూడిదను కరెంటుతో పట్టేసే ఏర్పాటే ఈఎస్పీ. దాని నెత్తిన వరసగా కూర్చునే టీఆర్ సెట్లు నాకు అన్నల వరస. ట్రాన్స్‌ఫార్మరూ రెక్టిఫైయరూ ఒకే నూనె ట్యాంకులో ఉండి 415 వోల్టులు తీసుకుని 70 వేల వోల్టులు దాటిన డీసీ ఇస్తాయవి. ఆ పని మనవరాలికీ వీధిలో పిల్లలకీ కళ్లారా చూపించాలని ఆయనకు బుద్ధి పుట్టింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో నేను అలా మొదలయ్యాను.

మా వంశం గురించి ఒక్క మాట. పొగను కరెంటుతో పట్టొచ్చని ఆలివర్ లాడ్జ్ 1885 ప్రాంతంలోనే వేల్స్‌లోని ఒక సీసం కర్మాగారంలో ప్రయత్నించాడు. చేతిలో ఉన్నవి విమ్స్‌హర్స్ట్ యంత్రాలు, అంటే గాజు పళ్లేలు తిప్పి కరెంటు పుట్టించేవి. వాటి సత్తువ చాలలేదు. అమెరికాలో ఫ్రెడరిక్ కాట్రెల్ దాన్ని నెగ్గించి 1908లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన దగ్గర ఉన్నవి ట్రాన్స్‌ఫార్మరు, మోటారుతో తిరుగుతూ ఏసీని డీసీగా మార్చే స్విచ్చు. పొగ కథలో గెలుపు మావల్లే వచ్చిందని నేనంటాను. గొప్పలనుకుంటే అనుకోండి.

నా లెక్క సూటిగా ఉంటుంది. కోర్ అడ్డుకోత 20 చదరపు సెంటీమీటర్లు. ఇనుములో అయస్కాంత సాంద్రత 1.2 టెస్లా దాటకూడదనుకుంటే 50 సైకిళ్ల మీద చుట్టుకు అర వోల్టు పైచిలుకు వస్తుంది. 230 వోల్టుల ప్రైమరీకి 430 చుట్లు. పది వేల వోల్టుల సెకండరీకి సుమారు 18,800 చుట్లు, 38 గేజి ఎనామెల్ తీగ. పొరకు 300 చొప్పున అరవై మూడు పొరలు. పక్కపక్క పొరల చివర్ల మధ్య 300 వోల్టులకు పైగా తేడా ఉంటుంది కాబట్టి ప్రతి పొర మీదా క్రాఫ్ట్ కాగితం పడింది.

మోటార్ వైండింగ్ షాపు కుర్రాడు సాయానికి వచ్చేవాడు. పై పొరకు కాగితం మీద కాగితం చుట్టి, కోర్ వైపు కొస ఎలాగూ భూమికే కదా, ఆ పొరకు పల్చటి లెదరాయిడ్ కాగితం చాలన్నాడు. పెద్దాయన విప్పించారు. నా రెక్టిఫైయర్ బ్రిడ్జి. దాని ప్లస్ కొస భూమికి కట్టి ఉంటుంది. అందువల్ల నా సెకండరీ రెండు చివరలూ ఏసీ అల శిఖరం దగ్గర వంతులవారీగా మైనస్ 14 వేల వోల్టులకు దిగుతాయి. నాకు బయటి పొర ఎంతో లోపలి పొరా అంతే.

అయితే నన్ను చుట్టడం కంటే ఆరబెట్టడమే పెద్ద పని. పొడిగా కనిపించే కాగితంలో కూడా బరువులో ఆరేడు శాతం నీళ్లుంటాయి. నన్ను పాత ఇనుప బీరువాలో పెట్టి, కింద 200 వాట్ల బల్బులు వెలిగించి తలుపు మూశారు. వేడి నూరు డిగ్రీల దగ్గర నిలిపి మధ్యమధ్య ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ తిప్పి చూసేవారు. ముల్లు పెరుగుతుందనుకున్న కుర్రాడికి అది పడిపోతుంటే కాళ్లూ చేతులూ ఆడలేదు.

"సార్, ఇన్సులేషన్ పోతోంది!"

"పోనీరా. లోపలి నీళ్లు ఇప్పుడే కదిలాయి."

ముల్లు కిందికి దిగి, అక్కడే చాలాసేపు మొరాయించి, ఆ తర్వాత మెల్లగా ఎక్కడం మొదలుపెట్టింది. ఎక్కి ఎక్కి కదలకుండా నిలబడ్డాకే నన్ను బయటికి తీశారు. చల్లారితే నేను మళ్లీ గాలిలోని చెమ్మ పీలుస్తాను. అందుకని వేడివేడిగానే ట్యాంకులోకి దింపారు.

ట్యాంకంటే మందపాటి ఇనుప పైపు ముక్కకు అడుగు వెల్డింగ్ చేసింది. చదునైన రేకు గోడలైతే వాక్యూమ్ పెట్టగానే లోపలికి నొక్కుకుపోతాయి. నూనె పోసే ముందు ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వ కొసను గిన్నెడు నూనెలో ముంచారు. చిటపటమంటే నీళ్లున్నట్టు. అనలేదు. పైన అక్రిలిక్ పలక బిగించి పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో గాలి లాగారు. ఇక చూడండి, కాగితం అంచుల నుంచి, తీగల సందుల నుంచి బుడగలు ముత్యాల సరాల్లా లేచాయి. ఆగాయనుకునేసరికి ఒకటి ఏ మూల నుంచో బయల్దేరేది. కుర్రాడు "ఇంక చాలు సార్" అన్నప్పుడల్లా ఆయన కంప్రెసర్ మీద చెయ్యి వేసి వేడి చూసి, కాసేపు ఆపి, మళ్లీ వేసేవారు.

అంత పట్టుదల ఎందుకో చెబుతాను. కొత్త నూనె రెండున్నర మిల్లీమీటర్ల సందులోనే 30 కేవీ ఆపాలని మన ప్రమాణం చెబుతుంది. అదే 30 కేవీ దగ్గర గాలి సెంటీమీటరు సందులో చేతులెత్తేస్తుంది. పైగా కాగితం పొరల మధ్య పల్చగా పరుచుకున్న గాలి మీద నూనె మీద కంటే రెట్టింపు ఒత్తిడి పడుతుంది. బలం తక్కువైనదాని మీదే బరువెక్కువ! అక్కడ కంటికి కనపడని మెరుపులు పుట్టి కాగితాన్ని నల్లగా తింటూ పోతాయి. ఇంట్లో కట్టిన ట్రాన్స్‌ఫార్మర్లు తీగ తక్కువై చావవు, చెమ్మా గాలీ మిగిలి చస్తాయి.

రెక్టిఫైయర్‌కు కొట్లో చిల్లర డబ్బులకు దొరికే 1ఎన్4007 డయోడ్లు వాడారు. ఒక్కోటి వెయ్యి వోల్టులు ఆపుతుంది. బ్రిడ్జి చేతికి 24 చొప్పున మొత్తం 96. వోల్టేజీ సమంగా పంచుకోవడానికి ప్రతిదానికీ అడ్డంగా రెసిస్టర్లు పెట్టాలి. పావు వాట్ రెసిస్టర్ 250 వోల్టులే తట్టుకుంటుంది గనక మూడేసి. టంకం మొనలు సూదిగా ఉంటే అక్కడ కరోనా అనే సన్నటి మెరుపు లేస్తుంది కాబట్టి ప్రతి చుక్కనూ గుండ్రంగా పెట్టారు. ఈ భాగం గురించి ఇంతకంటే చెప్పను, తలుచుకుంటే ఆయన నడుం నొప్పే గుర్తొస్తుంది.

పిల్లలొచ్చిన రోజు నిలువు జీఐ పైపు, నడుమ నా మైనస్ కొసకు కట్టిన సన్నటి స్టీలు తీగ, అడుగున సాంబ్రాణి పొగ. పైనుంచి తెల్లగా కమ్ముకొస్తున్న పొగ, వోల్టేజీ పెంచే డిమ్మర్‌స్టాట్ తిప్పగానే తెగిపోయింది.

"తాతా, పొగేదీ?"

"పైపుకు అంటుకుంది. రేపు గుడ్డ పెట్టి తుడిచి చూపిస్తా."

నేను నూరు సైకిళ్ల మీద గొణుగుతూ ఉన్నాను. పైపులో నిప్పురవ్వ లేచినప్పుడు నా ప్రైమరీకి సిరీస్‌లో పెట్టిన బల్బు భగ్గుమని వెలిగి నన్ను కాపాడింది.

థర్మల్ స్టేషన్‌లో టీఆర్ సెట్‌ను ఎర్త్ చేస్తే తప్ప ఈఎస్పీ తలుపు తాళంచెవి చేతికి రాదు. ఇక్కడ ఆ ఇంటర్‌లాక్ అమ్మమ్మగారు. "పిల్లలు తిరిగే ఇల్లండీ" అని షెడ్డు తాళంచెవి ఆవిడే కొంగున ముడేసుకున్నారు. పెద్దాయన అడిగితేనే ఇస్తారు, ఇచ్చి గుమ్మంలో మెయిన్ స్విచ్ దగ్గర నిలబడతారు.

నాలాంటిదాన్ని కట్టాలని ఎవరికైనా అనిపిస్తే, నేను ఇచ్చే కొద్ది మిల్లీ ఆంపియర్లే మనిషి ప్రాణానికి చాలని ముందు తెలుసుకోండి. హైవోల్టేజీ మీద పనిచేసిన మనిషి పక్కన లేకపోతే ఆ పని పెట్టుకోకండి. తీగ కొనకముందే ఉప్పూ బొగ్గూ వేసి ఎర్తింగ్ గొయ్యి తవ్వించండి, పొడవాటి పిడి ఉన్న ఎర్తింగ్ రాడ్డు చేయించండి. స్విచ్ ఆపాక కూడా ఆ రాడ్డు నా బుషింగ్‌కు తగిలించి అలాగే వదిలేశాకే నన్ను ముట్టుకోండి.