చేతికి పళ్ళు తోముతున్నారు

ఆ రీళ్ళు మీరూ చూసే ఉంటారు. చూడలేదంటే మీ ఫోను పాడైందని లెక్క. జూబ్లీహిల్స్ వంటగది, పాలరాతి గట్టు, ఎయిర్ ఫ్రయ్యర్, చురుక్కుమన్న వేలు, ఆ వెంటనే చిరునవ్వుతో ఓ ట్యూబు. టూత్‌పేస్టు! కాలినచోట అది పూసి, పైన ఐసుముక్క అద్ది, దానికి 'అమ్మమ్మ చిట్కా' అని పేరు. ఎవరి అమ్మమ్మండీ? మా అమ్మమ్మ బతికినన్నాళ్ళూ వేపపుల్లే నమిలింది.

ఈ పేస్టు సంగతి కాస్త తీరిగ్గా మాట్లాడుకోవాలి. నా ఒళ్ళు మండేది ఇక్కడే. అసలు ఏ పేస్టు పూయాలో ఎవరూ చెప్పరేం? ఉప్పున్నదా, లవంగమున్నదా, బొగ్గుతో నల్లగా ఉండేదా? చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనే పళ్ళకు వేరే రకం అమ్ముతారు కదా, జివ్వుమనే చర్మానికీ అదేనా? బ్రష్‌తో పూయాలా, వేలితోనా? పూశాక పుక్కిలించాలా?

అందులో ఏముంటుందో ట్యూబు వెనకే రాసుంటుంది. పళ్ళగార గీకడానికి సున్నపురాయి పొడి, నురగ రావడానికి సబ్బులాంటి రసాయనం, వాసనకు పుదీనా సత్తు. ఆ సత్తు తగిలితే నరానికి చల్లగా అనిపిస్తుంది, అంతే. లోపలి వేడి లోపలే ఉంటుంది. అయినా మనవాళ్ళు 'హాయిగా ఉంది' అంటూ కళ్ళు మూసుకుంటారు. కెమెరాకి క్లోజప్ దొరుకుతుంది.

మిగతావి సరేసరి. పసుపు, నెయ్యి, కాఫీపొడి, సిరా, గుడ్డు తెల్లసొన. ఇది గాయమా, టిఫిన్ సెంటరా? ప్రపంచ ఆరోగ్య సంస్థ మన పసుపును పేరుపెట్టి మరీ వద్దంది. ఐసూ వద్దంది, అది గాయాన్ని ఇంకా పాడుచేస్తుంది. ఇక బర్నాల్ అంటారా, ఫ్యాన్స్ పుణ్యమా అని అది మందుల షాపులోంచి తిట్ల జాబితాలోకి ఎప్పుడో వెళ్ళిపోయింది. సినిమాల్లోనైతే హీరోయిన్ వేలు కాలగానే హీరో నోట్లో పెట్టుకుంటాడు. ఉమ్మి వైద్యం.

అంతా నవ్వులాటే. కానీ సినిమా సెట్లో వేడెక్కిన లైటు పట్టుకుని చెయ్యి కాలిన లైట్‌మన్‌కీ, ప్రొడక్షన్ వంటలో సాంబారు ఒలికిన కుర్రాడికీ, కృష్ణానగర్ ఒంటిగదిలో టీగిన్నె మీద పడిన పసిపిల్లకీ పూస్తున్నది ఈ చెత్తే. ఆస్పత్రికి వెళ్ళాక గాయం ఎంత లోతో చూడాలంటే ఆ ఎండిన పేస్టును ముందు వదలగొట్టాలి. కాలిన చర్మం మీద నుంచి. ఆ పిల్ల కేకలు ఏ రీల్లోనూ వినపడవు. మన దేశంలో ఏటా పది లక్షల మందికి పైగా ఓ మోస్తరుగానో తీవ్రంగానో కాలిన గాయాల పాలవుతున్నారని లెక్క. లైకుల కోసం వీళ్ళ ఒళ్ళు దొరికిందా మీకు?

చేయాల్సింది సిగ్గుపడేంత సులువు. కుళాయి తిప్పి, కాలినచోట మామూలు చల్లనీళ్ళు 20 నిమిషాలు పారనివ్వాలి. వెంటనే మేలు. కుదరకపోతే మూడు గంటల లోపైనా ఉపయోగమే. వాపు రాకముందే ఉంగరం, గాజులు తీసెయ్యాలి. బొబ్బలు చిదపకూడదు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి, పెద్ద గాయమైనా, ముఖమైనా, పసిబిడ్డయినా 108కి ఫోన్ చేయాలి. నీళ్ళకు బ్రాండూ లేదు, స్పాన్సరూ లేడు. అందుకే గ్లామరూ లేదు. కటౌట్‌కి బిందెలకొద్దీ పాలు పోసే ఊళ్ళో కాలిన చేతికి నీళ్ళు కరువు.

మన సినిమా పరిశ్రమ నిప్పు గురించి తెలియనిదైతే పోనీ అనుకోవచ్చు. 1989లో మైసూరు ప్రీమియర్ స్టూడియోలో 'టిప్పు సుల్తాన్' సీరియల్ సెట్ అంటుకుని 62 మంది పోయారు. 2017 నవంబరులో మన అన్నపూర్ణ స్టూడియోలో 'మనం' సెట్ బూడిదైంది, అదృష్టం బావుండి ఎవరికీ ఏమీ కాలేదు. మంటల సీనుంటే ఫైటర్‌కి ముందే ఒళ్ళంతా చల్లటి జెల్ పూస్తారు, తడిదుప్పట్లతో మనుషులు నిలబడతారు, 'కట్' అనగానే సిలిండర్లతో దూకుతారు. అంత శాస్త్రం తెలిసిన యూనిట్, సీన్లో లేని మంట తగిలేసరికి మేకప్‌మన్ సంచీలో పేస్టు వెతుకుతుంది!

సెట్లో కుళాయి దూరమంటారా? ఎండాకాలం జూబ్లీహిల్స్‌లో ట్యాంకర్ రాలేదంటారా? హీరోగారి క్యారవాన్‌లో షవరుంది, తలుపు తీయండి. మేనేజరు ఒప్పుకోడా? 20 నిమిషాలే కదయ్యా. హీరోగారు ఎలాగూ రెండు గంటలు లేటు.