ఈ పెడల్‌ది ఏ గోత్రం?

ఉగాదికి బెంగళూరు నుంచి మా మేనల్లుడు గిటారు తెచ్చాడు. పెట్టె మూత ఎత్తిన తీరు గర్భగుడి తెర తీసినట్టే ఉంది, హారతి పళ్ళెం ఒక్కటే తక్కువ. లోపల గిటారు, దాని పక్కన మఖమలు గుడ్డ మీద సాలగ్రామాల్లాగా నాలుగు రంగుల ఇనుప డబ్బాలు. వాటిని పెడళ్ళంటారట, కాలితో తొక్కుతారట. తొక్కే వస్తువుకు మఖమలు ఎందుకని నేను అడగలేదు. "ఒక పాట వాయించరా" అన్నాను, అంతే.

"ఉండు మామా, ముందు ఇదేందో తెలియాల నీకు" అని మొదలుపెట్టాడు. తీగ మీద వేలు పడకముందే 1954 పడింది. ఆ వెనకే 1959, 1962. గుమ్మఘట్టలో మాకు సంవత్సరాలు గుర్తుండే లెక్క ఒకటే: భైరవానితిప్ప ప్రాజెక్టు నిండిన ఏడు, నిండని ఏళ్ళు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వాన, అది కూడా రాసి పెట్టి ఉంటే. అలాంటి ఊళ్ళో కూర్చుని, కాలిఫోర్నియాలో ఏ సంవత్సరం కొయ్య మంచిదో విన్నాను. కరెంటు పోయి మళ్ళీ వచ్చింది. మా అక్క చేసే ఓళిగలు పెనం దిగాయి. పాట మాత్రం రాలేదు.

ప్రతి గుడికీ ఒక పుట్ట, ఆ పుట్ట మీద పాలు కార్చే ఆవు ఉన్నట్టు, ప్రతి గిటారు కంపెనీకీ ఒక షెడ్డు, అందులో సోల్డరింగ్ చేసుకుంటూ ఒక మహానుభావుడు ఉంటారు. స్థలపురాణంతో నాకు పేచీ లేదు. గుడికి వచ్చినవాడు పురాణం విని దేవుణ్ణి చూడకుండా వెళ్ళిపోతేనే పేచీ.

అసలు ఆ పురాణాన్నైనా సరిగా వింటే బాగుండు. లియో ఫెండర్ 1938లో ఫుల్లర్‌టన్‌లో రేడియోల రిపేరు షాపు పెట్టుకున్న మనిషి. ఆయనకు గిటారు వాయించడం రాదు. ఈ మాట వినగానే పక్కన కూర్చున్న మా మైక్‌సెట్ అన్న కళ్ళు మెరిశాయి. "అయితే మనోడే" అన్నాడు. 1950లో ఫెండర్ ఒక గిటారుకు బ్రాడ్‌కాస్టర్ అని పేరు పెడితే, ఆ పేరుతో మేం డ్రమ్ములు అమ్ముకుంటున్నామని గ్రెచ్ వాళ్ళు అడ్డుపడ్డారు. తయారైన లేబుళ్ళను పారేయడం దేనికని, కత్తెర తీసుకుని మోడల్ పేరున్న ముక్క కత్తిరించి, మిగిలిన 'ఫెండర్' అంటించి పంపారు. కొత్త పేరు టెలికాస్టర్ వచ్చేదాకా అదే పద్ధతి. ఆ పేరు లేని గిటార్లకు ఇప్పుడు 'నోకాస్టర్' అని ప్రత్యేకమైన పేరు, ప్రత్యేకమైన ధర. కత్తెర చేసిన పనికి కూడా విలువ కడతారని మాకు కొత్తగా చెప్పక్కర్లేదు. పక్కనే రాయదుర్గం, జీన్సు కుట్టే ఊరు. ప్యాంటంతా ఒక లెక్క, నడుం వెనక పట్టీ ముక్క ఒక లెక్క అని అక్కడ కాజాలు కుట్టే ఆడపిల్లను అడిగినా చెబుతుంది.

1965 జనవరిలో ఫెండర్ తన కంపెనీని సీబీఎస్ అనే ప్రసార సంస్థకు 1.3 కోట్ల డాలర్లకు అమ్మేశారు. అప్పటినుంచి భక్తులు లోకాన్ని రెండు యుగాలుగా చీల్చారు: సీబీఎస్‌కు ముందు, సీబీఎస్‌కు తర్వాత. అదే మిషను, అదే కూలీ, అదే కొయ్య. కానీ డిసెంబరు 31 రాత్రి పడుకున్న చెక్క జనవరిలో లేచేసరికి దానిలో నాదం పోయిందట. తర్వాత్తర్వాత నాణ్యత దిగింది, కాదనను. కానీ రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం ఆరకముందే తీగ శ్రుతి తప్పిందని నమ్మడానికి సంగీత జ్ఞానం చాలదు, భక్తి కావాలి.

గిబ్సన్ కథ ఇంకా రుచిగా ఉంటుంది. 1959 నాటి లెస్ పాల్ గిటారు కోట్ల రూపాయల్లో పలుకుతోంది కదా, అది ఆ రోజుల్లో సరిగా అమ్ముడుపోక ఆ నమూనానే కొద్ది కాలానికి పక్కన పెట్టేశారు. 1969లో కంపెనీ ఈక్వడార్‌లో బీరు, సిమెంటు వ్యాపారం చేసుకునేవాళ్ళ చేతికి పోయింది. ఇద్దరు పెద్దల పేర్లలో చెరో ముక్క తీసి 'నార్లిన్' అని పెట్టుకున్నారు, కొత్తగా పెళ్ళైనవాళ్ళు ఇంటికి పేరు పెట్టుకున్నట్టు. 2018లో దివాలా పిటిషన్ వేసి మళ్ళీ లేచారు. మధ్యలో 2011లో అమెరికా అధికారులు ఫ్యాక్టరీ మీద దాడి చేసి పట్టుకున్న చెక్కలో మన దేశపు రోజ్‌వుడ్, నల్లచేవమాను ఉన్నాయి. గోత్రమే అడిగితే, అమెరికా గిటారు తల్లి వైపు మనవాళ్ళేనన్నమాట.

మార్షల్ సంగతి క్లుప్తంగా చెబుతాను. లండన్‌లో డ్రమ్ములు అమ్మే జిమ్ మార్షల్ షాపులో 1962లో తయారైన ఆంప్లిఫయర్ ఫెండర్ వారి బాస్‌మన్‌ను ముందు పెట్టుకుని చేసింది. ఆ 'బ్రిటిష్ గర్జన' 2023లో స్వీడన్ కంపెనీతో కలిసింది, 2025లో ఎక్కువ వాటా చైనా పెట్టుబడికి పోయింది. వంశం ఎక్కడా ఆగలేదు, దత్తతలు ఎక్కువయ్యాయంతే.

మన వైపు ఇంత హంగు లేదు. గుడి మైకుల మీద కనబడే అహూజా పేరు 1940 నుంచి ఢిల్లీలో ఉంది; జాతరలో ఎవడూ దాని స్థలపురాణం చదివి కొబ్బరికాయ కొట్టడు. గాంధీగారి సభలకు మైకులు పెట్టిన చికాగో రేడియో పేరుకే చికాగో, నడిపింది సింధు నుంచి బొంబాయి చేరిన మోత్వానీ కుటుంబం. కలకత్తాలో గిబ్సన్ పేరులో ఒక్క అక్షరం మారితే గివ్‌సన్. మా తరం వేళ్ళు కాయలు కాసింది ఆ గివ్‌సన్, హోబ్నర్ తీగల మీదే. మేనల్లుడు ఆ పేర్లు విని నవ్వాడు. వాడి డబ్బాల్లో ఒకటి ఐబనీజ్. అది జపాన్‌లోని నగోయా కంపెనీ. పేరు స్పెయిన్‌లో గిటార్లు చేసిన ఇంకొకాయనది. నేను నవ్వలేదు, పెద్దవాణ్ణి కదా.

ఇక క్లాన్ కంపెనీ. దీని గురించి చెప్పేటప్పుడు వాడి గొంతు తగ్గింది. 1994 నుంచి అమెరికాలో బిల్ ఫినెగన్ అనే ఆయన చేతితో చేసి అమ్మిన పెడల్, పేరు సెంటార్. మొత్తం ఎనిమిది వేల దాకా చేశాడు. లోపల ఏముందో కనబడకుండా సర్క్యూట్ మీద నల్ల జిగురు పోసి గట్టిపరిచాడు. విగ్రహం కింద యంత్రం పాతినట్టు. కనబడనిదానికి మహిమ ఎక్కువ, ధర లక్షలకెక్కింది. కొందరు నాస్తికులు ఆ జిగురు గీకి చూస్తే రెసిస్టర్లు, కెపాసిటర్లు, చిప్పులు, డయోడ్లు ఉన్నాయి. ఇంకేం ఉంటాయి, కామధేనువు ఉంటుందా? పాపం ఫినెగన్‌నే అనడానికి లేదు. ఆయన తర్వాత చేసిన చిన్న పెడల్ మీద, ఈ హడావుడి నేను సృష్టించింది కాదు మహాప్రభో అన్న అర్థం వచ్చేలా అచ్చు వేయించాడు. దేవుడే గుడి మీద బోర్డు పెట్టినా భక్తులు క్యూ వదల్లేదు.

"ఆ జిగురు మా కాడా ఉంది" అన్నాడు మైక్‌సెట్ అన్న. "వానకు హార్ను తడవకుండా పూస్తాం. వాన రాదు గానీ."

అన్నింటికన్నా నాకు నచ్చింది ఫజ్ అనే గురగుర మోత కథ. 1960లో నాష్‌విల్ స్టూడియోలో మార్టీ రాబిన్స్ పాట రికార్డు చేస్తుంటే మిక్సింగ్ బల్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి చెడి, బాస్ గిటారు గురగురమంది. తీసెయ్యకుండా ఉంచారు, పాట హిట్టయింది. చెడిపోయిన ఆ మోతను కావాలని పుట్టించే డబ్బాను ఇంజనీరు గ్లెన్ స్నాడీ తయారుచేస్తే గిబ్సన్ 1962లో మాస్ట్రో పేరుతో అమ్మింది. అంటే ఈ మహా చరిత్రకు మూలపురుషుడు ఒక కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్. మా పొలాల్లో అలాంటి మూలపురుషులు ఏటా వేసవిలో వెలుస్తుంటారు, పూజించే దిక్కు లేక లైన్‌మన్ కోసం ఎదురుచూస్తుంటారు.

గురగుర కావాలంటే అనంతపురం జిల్లాకు నాష్‌విల్ దాకా పోయే పని లేదు. గంగమ్మ జాతరలో ఉరుముల వాళ్ళను చూడండి. మెడలో వాద్యం, దానికి రెండు ముఖాలు. ఒక ముఖాన్ని కొడతారు, రెండోదాన్ని వంకర పుల్లతో రుద్దుతారు. పుల్ల చర్మం మీద ఈడ్చుకుపోతుంటే లోపల్నుంచి మూలుగు లేస్తుంది. దాన్నే ఉరుము అన్నారు. మబ్బు లేని జిల్లా తన ఉరుమును తనే చేసుకుంది. దాని మీద సీరియల్ నంబరు లేదు కాబట్టి మా వాడికి అది 'ఫోక్', డబ్బాలోంచి వస్తే 'టోన్'.

గోత్రం అడగడం కొత్త కాదులెండి. పాలకొల్లు పిల్లవాడు యు. శ్రీనివాస్ మాండొలిన్ పట్టుకుని 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో కూర్చున్నప్పుడు వయసు తొమ్మిదేళ్ళు. ఈ విదేశీ వాద్యానికి గమకాలేమిటని పెద్దలు ముఖం చిట్లించారు. ఆ పిల్లవాడు జంట తీగలు నాలుగూ వదిలేసి, ఒంటి తీగలు ఐదు పెట్టుకుని, తనకు కావలసిన గమకం తెచ్చుకున్నాడు. 1981లో మద్రాసు వేదిక ఎక్కాక ఆ వాద్యం పేరే ఇంటిపేరైంది. ఆ మాండొలిన్ ఏ కంపెనీదో మా మేనల్లుడు వెతికాడు. వాడు వెతికేది అదే.

సాయంత్రానికి వాయించక తప్పలేదు. కానీ వాడి బుల్లి ఆంప్లిఫయర్ ఛార్జరు బెంగళూరులో ఉండిపోయింది. మైక్‌సెట్ అన్న ఇంట్లోంచి తన పాత ఆంప్లిఫయర్ మోసుకొచ్చాడు. పేరుపట్టీ ఊడి ఎప్పుడో పోయింది, రెండు మరల బొక్కలు మిగిలాయి. లావు పిన్నును మైకు పెట్టే గుంతలో గుచ్చి, ఎడమ పక్కన అరచేత్తో ఒక్కటి తట్టాడు. మైకు కోసం చేసిన గుంతకు గిటారు మోత ఎక్కువై, అరుగు మీది నుంచి చింతచెట్టు దాకా గరగరలాడే నాదం పరుచుకుంది. మా వాడి చెయ్యి ఆగిపోయింది.

"పెద్దనాయనా, ఇది ఏ సంవత్సరం మోడల్?"

"యా సమచ్చరమో యాడ గుర్తుంటాదప్పా. పోయినేడు ఎలక వైరు కొరికినాది, టేపు చుట్టినా. అప్పట్నుంచి ఇట్లే అంటాది."

మేనల్లుడు ఫోను తీసి ముందు, వెనక, ఆ రెండు బొక్కలు ఫొటోలు తీశాడు. వారం తిరక్కముందే బెంగళూరు నుంచి ఫోను చేశాడు, వాడి స్నేహితుడెవరో నలభై వేలు ఇస్తానంటున్నాడట, ఉన్నది ఉన్నట్టుగా, టేపు కూడా విప్పకుండా. మైక్‌సెట్ అన్నకు చెప్పాను. కాసేపు బీడీ పీల్చి అడిగాడు:

"ఎలక కూడా కావాల్నంటనా?"