ఫోన్ డబ్బాలో వేయండి, బిల్లు ఫోన్‌పేలో కొట్టండి

శని, ఆదివారాలు మనుషులు దొరకడం మానేశారు. ఎక్కడికి పోయారయ్యా అంటే డిటాక్స్‌కి పోయామంటున్నారు. అనంతగిరి వైపు ఒకరు, అరకు దారిలో ఒకరు, మారేడుమిల్లి అడవిలో ఇంకొకరు. నిన్నమొన్నటిదాకా ఇదే జనం ఇవే చోట్లకి వెళ్లి, బీరు తాగి, పాటలు పెట్టుకుని గంతులేసి వచ్చేవారు. దాన్ని పిక్నిక్ అనేవారు. తిరిగొచ్చాక ఎవరికీ ఉపదేశాలు చేసేవారు కాదు. ఇప్పుడు గేటు దగ్గరే ఫోన్ తీసేసుకుంటున్నారు, గది అద్దె పెంచేశారు, దీన్ని అసలైన జీవితం అంటున్నారు. ఉన్న వసతి ఒకటి పీకేసి అందుకు అదనంగా డబ్బు వసూలు చేయొచ్చని మన హోటళ్లవాళ్లకి ఇన్నాళ్లూ తట్టనందుకు ఆశ్చర్యంగా ఉంది.

అక్కడికి వెళ్లే పద్ధతి చూడండి. పిలుపు వాట్సాప్‌లో వస్తుంది. పేరు నమోదుకి క్యూఆర్ కోడ్. నమోదయ్యాక ఓటీపీ. అడ్వాన్సు యూపీఐలో. దారికి లొకేషన్ పంపుతారు. గదికి ముందు ఆధార్ పీడీఎఫ్ చూపించాలి. ఇన్ని మెట్లూ ఫోన్ చేయి పట్టుకుని ఎక్కి పైకి వెళ్లాక, అక్కడ ఖాదీ లాల్చీ వేసుకున్న కుర్రాడొకడు ఈ ఫోనే మీ శత్రువు అని చెబుతాడు. జనం తలలూపుతారు.

తర్వాత ఫోన్ సమర్పణ. చిన్న గంట కొడతారు. జనపనార సంచిలో ఫోన్ వేసి, చెక్క పెట్టెలో పెట్టి, చేతికి తులసి నీళ్లిస్తారు. గడ్డిలో చెప్పుల్లేకుండా నడిపిస్తారు. మట్టికుండలో రాగి అంబలి పోస్తారు. ఎదుటి మనిషి కళ్లలోకి మాట్లాడకుండా చూడమంటారు. దీనికో గంట, దీనికో ఫీజు. కళ్లలోకి చూడ్డానికి టికెట్టు పెట్టొచ్చని తెలిస్తే మా కాలనీలో పెళ్లిచూపులకి కూర్చునే పెద్దమనుషులు ఈపాటికి మేడలు కట్టేవారు.

ఇంతకంటే కట్టుదిట్టమైన శిబిరం మనకి తిరుమలలో ఎప్పటినుంచో ఉంది. ఫోన్ కౌంటర్‌లో పెట్టుకోవడానికి పైసా తీసుకోరు. వైకుంఠం కాంప్లెక్సులో ఒక కంపార్టుమెంటులో కూర్చోబెట్టి తలుపు వేస్తారు. ఎప్పుడు తీస్తారో ఎవరూ చెప్పరు. ఈలోగా పక్కనున్నవాళ్ల ఊరు, వాళ్లమ్మాయి సంబంధం ఎందుకు తప్పిపోయింది, వాళ్లాయన మోకాలి ఆపరేషన్‌కి ఎంతయింది, అన్నీ తెలిసిపోతాయి. పాలు, ఉప్మా అక్కడికే తెచ్చిస్తారు. మనిషితో మనిషి కలవడమంటే అదీ. కాకపోతే మూడువందల టికెట్టు మాత్రం ఆన్‌లైన్‌లోనే తీసుకోవాలి. కోటా వదిలిన పూట ఇంటిల్లిపాదీ తలో ఫోన్ పట్టుకుని కూర్చోవాలి.

సరే, అంబలి తాగారు, నడిచారు, బాగుపడ్డారు. అక్కడితో ఊరుకుంటే నేనీ కాలమ్ రాసేవాణ్ణి కాదు. సోమవారం పొద్దున్నే రీలు వస్తుంది.

నా కోపమంతా ఆ రీలు మీదే. పొగమంచులో కొండ. కొండ మీద మా బావమరిది. చేతులు చాచి, కళ్లు మూసుకుని, ఫోన్ లేని లోకాన్ని గుండెల నిండా పీల్చుకుంటున్నాడు. కెమెరా ఆయన వీపు దగ్గర మొదలై పైకి, ఇంకా పైకి లేచి లోయంతా చూపిస్తుంది. వెనక వేణువు. కింద అక్షరాలు: నన్ను నేను కలుసుకున్నాను. ఆ కలుసుకున్నచోట మూడో మనిషి ఒకడు డ్రోన్ రిమోట్ పట్టుకుని నిలబడ్డాడన్న సంగతి మాత్రం ఎక్కడా లేదు.

ఆ తర్వాతి ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు అడిగాను. ‘‘ఏరా, ఫోన్ పెట్టెలో పెట్టేశారన్నావు. మరి ఈ వీడియో ఎవరు తీశారు?’’

‘‘రిసార్టు వాళ్ల కంటెంట్ టీం బావా. ప్యాకేజీలోనే ఉంటుంది.’’

‘‘అంటే నీ ఫోన్ పెట్టెలో, వాళ్ల కెమెరా నీ మొహం మీద.’’

‘‘అది వేరు బావా. అది డాక్యుమెంటేషన్.’’

డాక్యుమెంటేషన్! వివరాలు ఒక్కొక్కటే రాబట్టాను. అంబలి తాగే షాటు మళ్లీ మళ్లీ తీశారట, మొదట్లో కుండ మొహానికి అడ్డం వచ్చిందని. గడ్డి మీద నడక ఎండ వాలాక ఇంకోసారి నడిపించారట, వెలుగు బాగుంటుందని. అందరూ నవ్వుకుంటూ కబుర్లు చెప్పుకునే షాటుకి నిజంగా మాట్లాడొద్దన్నారట, పెదాలు కదిపితే చాలన్నారట, పైన ఎలాగూ వేణువు వేస్తారు కాబట్టి. కళ్లలోకి చూసుకునే కార్యక్రమంలో ఆయనకి ఎదురుగా కూర్చున్న ఆయన పేరేంటో మా బావమరిదికి ఇప్పటికీ తెలీదు. ‘‘ఫ్రేములో బాగా కుదిరాడు’’ అన్నాడు. ఇంటికి వచ్చి పెరుగన్నం కలుపుకుంటూ ఎడమచేత్తో ఫోన్ తిప్పుతున్నాడు. తాను ఫోన్ చూడని రెండు రోజుల్ని ఎంతమంది చూశారో చూసుకుంటున్నాడు. మా అక్క పిల్ల ‘‘మామయ్యా’’ అని పిలిస్తే వినపడలేదు.

ఈ సంతలో ఇంకా చాలా దుకాణాలున్నాయి. ఫోన్ చూడటం తగ్గించుకోవడానికి యాప్. ఆ యాప్ తెరిచారా అని గుర్తుచేసే నోటిఫికేషన్. ఏమీ చేతకాని మడత ఫోన్‌కి గులాబీ రంగు వేసి బార్బీ బొమ్మ పేరు పెట్టి 2025లో 7,999 రూపాయలకి దించారు. ఫోన్ ఎలా వదలాలో చెప్పే పెద్దమనిషికి షార్ట్స్‌లో లక్షల మంది అభిమానులు. ఇక యాపిల్, గూగుల్ రెండూ 2018లో మనం ఎంతసేపు చూస్తున్నామో లెక్కచెప్పే సరంజామా ఫోన్లలో పెట్టాయి. సారా కాంట్రాక్టరు మద్యనిషేధ సభకి అధ్యక్షత వహించినట్టుంది.

ఫోన్ జబ్బు లేదనడం లేదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచీ దీనికోసమే షట్ అని ఒక క్లినిక్ నడుస్తోంది. ఆటల్లో, వీడియోల్లో చిక్కుకుని చదువులూ ఉద్యోగాలూ పోగొట్టుకుంటున్నవాళ్లు అక్కడికి వెళ్తున్నారు. అక్కడ సైకాలజిస్టు ఉంటాడు, డ్రోన్ ఉండదు. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచె వడ్గావ్ అని ఒక ఊరుంది. 2022 నుంచీ సాయంత్రం ఏడింటికి సైరన్ మోగితే గంటన్నరసేపు టీవీలు, ఫోన్లు కట్టేస్తున్నారు. ఊరంతా ఒకేసారి కట్టేస్తుంది కాబట్టి ఎవరికీ ఏదో పోయిందన్న బెంగ ఉండదు. దానికి ప్యాకేజీ లేదు, ఫొటోగ్రాఫరు లేడు.

మా బావమరిది సంగతికే వస్తాను. ఆయన ఆఫీసులో కింద కొంతమంది పిల్లలు పనిచేస్తారు. రాత్రి పదకొండింటికి ఆయన గ్రూపులో మెసేజి పెడతాడు, రేపు పొద్దున్నకల్లా కావాలని. నీలం టిక్కులు పడకపోతే ఫోన్ చేస్తాడు. ఎత్తకపోతే ఆ పిల్లాడికి పని మీద శ్రద్ధ లేదని అప్రైజల్లో రాస్తాడు. ఆయన కొండ మీద చేతులు చాచిన ఆ రెండు రోజులూ ఆయనకి రావలసిన కాల్స్ ఎవరెత్తారనుకున్నారు? ఆ పిల్లలే. ఆయన ఫోన్ పెట్టెలోకి వెళ్లలేదు, వాళ్ల జేబుల్లోకి వెళ్లింది. ఆయన నిద్రపోవడానికి వాళ్లు మేలుకున్నారు. ఇది నాకు నవ్వులాట కాదు.

ఈ దేశంలో చాలామంది చేతిలో ఫోన్ ఉన్నది వ్యసనం వల్ల కాదు, అది లేకపోతే కూలి పడదు కాబట్టి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో రోజుకి రెండుసార్లు యాప్‌లో కూలీల ఫొటో తప్పనిసరి చేశారు. మట్టి తవ్వితే చాలదు, తవ్వినట్టు ఫోన్ ఒప్పుకోవాలి. రెండో ఫొటో కోసం ఎండలో పని ముగించుకున్నవాళ్లు కూడా అక్కడే కూర్చోవాలి. సిగ్నల్ లేని ఏజెన్సీ ఊళ్లో హాజరు వేసే మేటు ఫోన్ పట్టుకుని గుట్టెక్కాలి. కొండ మీద ఫోన్ ఎత్తిపట్టుకుని నిలబడ్డ ఆ మనిషికి ఎవరైనా వేణువు వేసి రీలు చేస్తారా?

2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో టీచర్ల హాజరుకి ముఖం గుర్తుపట్టే యాప్ తెచ్చారు. సొంత ఫోన్‌లో వేసుకోండి, సొంత డేటా వాడండి అన్నారు. ఇదేం న్యాయమని టీచర్ల సంఘాలు అడిగాయి. అప్పటికే బడి మరుగుదొడ్ల ఫొటోలు, మధ్యాహ్న భోజనం ఫొటోలు యాపుల్లోకి ఎక్కిస్తూ ఉన్నారు వాళ్లు. అదే టీచరు సెల్‌ఫోన్ వల్ల నష్టాల మీద పిల్లలకి ఉపన్యాసం ఇవ్వాలి. ఇచ్చినట్టు ఫొటో పెట్టకపోతే ఇవ్వనట్టే లెక్క.

అంగన్‌వాడీలో 2025 జులై 1 నుంచి ఇంటికిచ్చే రేషన్‌కి పోషణ్ ట్రాకర్ యాప్‌లో ముఖం సరిపోవాలి. ఎఫ్‌ఆర్‌ఎస్ అంటారు. బాలింత వచ్చి నిలబడుతుంది. ఆమె ఎవరో టీచరమ్మకి చిన్నప్పటినుంచీ తెలుసు. ఫోన్‌కి తెలీదు. ‘‘అమ్మా, కొంచెం వెలుగులోకి రా. కళ్లు ఆర్పు. మళ్లీ ఆర్పు.’’ చంకలో బిడ్డ ఏడుస్తుంటుంది. ఓటీపీ వెళ్లింది ఎక్కడికి? మొగుడి నంబరుకి. మొగుడెక్కడున్నాడు? చెన్నైలో సెంట్రింగ్ పనిలో. ఆయన ఎత్తేదాకా సరుకు లెక్కలోకి ఎక్కదు. ఎదురుగా నిలబడ్డ మనిషిని పక్కనపెట్టి ఫోన్ మాట వినమని ఆ టీచరమ్మకి హుకుం జారీ చేసిందెవరు? బాలింత కళ్లలోకి ఆవిడ చూస్తూనే ఉంది కదా, ఫీజు లేకుండా!

అసలు ఈ దేశంలో జరిగిన ఒక పెద్ద ఫోన్ సమర్పణ గురించి మన డిటాక్స్ గురువులు ఒక్కమాట చెప్పరు. 2021 ఆగస్టులో మహారాష్ట్రలో అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లు తీసుకెళ్లి ఆఫీసుల్లో వాపసు ఇచ్చేశారు. అవి రెండు జీబీ ర్యామ్ ఫోన్లు. యాప్ వేస్తే బిగుసుకుపోయేవి. యాప్‌లో మరాఠీ లేదు. చెడిపోతే రిపేరు ఖర్చు వాళ్ల మీదే పడేది. విసిగిపోయి, వరసకట్టి, బల్ల మీద పెట్టేసి వచ్చారు. వాళ్లకి ఎవరూ తులసి నీళ్లివ్వలేదు, నోటీసులిచ్చారు. డబ్బున్నవాడు ఫోన్ వదిలితే ఆత్మజ్ఞానం, గౌరవవేతనం మీద బతికే ఆడమనిషి వదిలితే విధుల్లో నిర్లక్ష్యం.

పిల్లల దగ్గరికి రండి. 2020లో కరోనా వచ్చినప్పుడు ఫోన్ లేని పిల్లాడికి చదువు లేదన్నది బళ్లే. అప్పుచేసి, పుస్తెలు తాకట్టు పెట్టి కొన్నారు జనం. ఆ ఏడాదే జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించారు. జులైలో రీల్స్, సెప్టెంబరులో షార్ట్స్ దిగాయి. షార్ట్స్ లోకంలో మొట్టమొదట వచ్చింది మన దేశంలోనే. చేతిలో ఫోన్ పెట్టిందీ, వేలు కింద ఆగని రీళ్లు పరిచిందీ ఒకే ఏడాది. ఇప్పుడు అదే స్కూలు తల్లిదండ్రుల్ని పిలిచి, మీ ఇంట్లో క్రమశిక్షణ లేదని క్లాసు పీకుతుంది. హోంవర్కు మాత్రం రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. డైరీ ఏమైంది? పలకలూ పుస్తకాలూ ఫీజులో కలిపి అమ్మినప్పుడు డైరీ కూడా అమ్మారుగా, అందులో రాయించడానికి చేతులు రావా?

ఇంత చేసి, తప్పంతా మన సంకల్పబలానిదట. అంతులేకుండా జరిగే తెరని 2006లో తయారుచేసిన అజా రాస్కిన్ అనే ఆయనే తర్వాత తన పనికి బహిరంగంగా పశ్చాత్తాపపడ్డాడు. తయారుచేసినవాడికి ఉన్న సిగ్గు అమ్ముకునేవాడికి లేదు.

ఫ్రాన్సులో 2017 నుంచీ, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచీ పనిగంటలు అయ్యాక యజమాని ఫోన్‌కి బదులివ్వకుండా ఉండే హక్కు చట్టంలో ఉంది. మన లోక్‌సభలో సుప్రియా సూలే ఇలాంటి బిల్లు 2018లో పెట్టారు, 2025 డిసెంబరులో మళ్లీ పెట్టారు. అది ప్రైవేటు మెంబరు బిల్లు. 1970 తర్వాత మన పార్లమెంటులో ప్రైవేటు మెంబరు బిల్లు ఒక్కటీ చట్టం కాలేదు. అంటే దాని గతి ఏమిటో దాన్ని పెట్టినావిడకీ తెలుసు, మెసేజీలు పెట్టే మా బావమరిదికీ తెలుసు.

కాబట్టి నన్ను బాగుచేయాలనుకునేవాళ్లు ముందు ఈ పనులు చేయండి. హాజరు యాప్ కావాలంటే ఆ ఫోన్ మీరే కొనివ్వండి, బడి గంట కొట్టాక అక్కడే వదిలేసి వెళ్లనివ్వండి. మనిషి ఎదురుగా నిలబడితే ఆమె సంతకం చాలని రాసివ్వండి. హోంవర్కు డైరీలో రాయించండి. రాత్రి ఎనిమిది దాటాక గ్రూపులో పని పురమాయించిన అధికారి ఎవరైనా సరే, మర్నాటి జీతం ఆయనది కోయండి. అప్పటిదాకా సంకల్పబలం గురించి దయచేసి నాకెవరూ ఫార్వర్డులు పంపొద్దు.