నీటికోల చాటువు: టీకా తాత్పర్యం

అవతారిక: కర్నూలులో ఒక రెండంతస్తుల మేడ కిటికీ అద్దాలను బకెట్టూ గుడ్డతో తుడవాలా, నీటికోలతో కడగాలా అని ఇంట్లో తగవు పడగా, అరుగుమీది అజ్ఞాత కవి చెప్పినది.

ఆ.వె.
బోరునీట గడుగ బూదియే మిగులును
కాగితమున దుడువ గాంతి హెచ్చు
మంచినీటి కోల మైలను దీర్చును
నీళ్ల నెవడు దెచ్చు నింగి నుండి

టీక: బోరునీటన్ = వందల అడుగులు దించితే గాని పడని, పడినా సబ్బు నురగ రాని నీటితో; కడుగన్ = కడిగితే; బూదియే = తెల్లని మరకలే; మిగులును = మిగులుతాయి; కాగితమునన్ = నిన్నటి పేపరుతో; తుడువన్ = తుడిస్తే; కాంతి = మెరుపు; హెచ్చున్ = పెరుగుతుంది; మంచినీటి కోల = ఉప్పు తీసేసిన నీటిని కొసనున్న బ్రష్షులోంచి చిమ్మే పొడవాటి కర్ర; మైలను = దుమ్మును; తీర్చును = పోగొడుతుంది; నీళ్లన్ = ఆ నీళ్లను; ఎవడు = ఏ మహానుభావుడు; నింగి నుండి = ఆకాశం నుంచి; తెచ్చున్ = తెస్తాడు?

తాత్పర్యం: కోల గొప్పదే. దానికి తాగే నీళ్లకన్నా శుద్ధమైన నీళ్లు కావాలి. తాగడానికే ట్యాంకరు కోసం చూసే వీధిలో అది కుదరదని భావం.

విశేషాలు: బూది అనగా విభూతి కాదు. ఈ సీమ కింద సున్నపురాయి పొరలున్నాయి. అది నీళ్లలో కరిగి, బోరులో పైకొచ్చి, నీరు ఆరగానే అద్దంమీద తేలుతుంది. నిమ్మరసం దాన్ని వదిలిస్తుంది. అయితే కిటికీ గట్టుకు వేసిన కడప బండ కూడా సున్నపురాయే కనుక, రసం కారితే దాని నునుపూ పోతుంది.

పూర్వపక్షం: కోల పట్టినవాడు నిచ్చెన ఎక్కనక్కరలేదు. వీలైనంతవరకు ఎత్తుకు ఎక్కకుండానే పని ముగించాలని బ్రిటన్ 2005లో నిబంధనలే పెట్టింది. నీటిలో కరిగిన లవణాలు దాదాపు సున్నా కనుక తుడవకుండా వదిలేసినా మరక పడదు.

సమాధానం: మన తాగునీటి ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు లవణాలను ఒప్పుకుంటుంది, వేరే దిక్కు లేకపోతే 2000 వరకు. అంతటి నీటిని సున్నాకు దించాలంటే ఆర్ఓ యంత్రం పెట్టాలి. చిన్న యంత్రాల్లో చేతికొచ్చే నీటికన్నా మోరీలో పోయేదే ఎక్కువ.

"ఎవడు దెచ్చు" అన్నచోట కాకువు. ఎవడూ తేడని అర్థం. 2009 అక్టోబరులో తుంగభద్ర తానే కర్నూలు ఇళ్లలోకి వచ్చింది కదా అంటే, ఆ నీరు కిటికీలను కడగలేదు, బురద పూసి పోయింది.

సిద్ధాంతం: నాలుగంతస్తుల గాజుగోడల ఆస్పత్రికీ బట్టల షోరూముకూ కోలే మేలు, మనిషి ప్రాణం నీటికన్నా విలువైనది. వాళ్లు మోరీలో పోయే నీటిని పట్టి వాకిలి కడుక్కోవాలి. మిగతా ఇళ్లకు ముందు పొడిగుడ్డతో దులిపి, తర్వాత అర బకెట్టు నీళ్లతో తుడిచి, తడి ఆరకముందే పేపరుతో రుద్దడమే శాస్త్రసమ్మతం.