పేకలో పంచాంగం

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే కథల ఆట ఆడేవాళ్ల దగ్గర "డెక్ ఆఫ్ మెనీ థింగ్స్" అని ఒక్క మాట అనండి, కళ్లు మెరుస్తాయి. కథ అల్లి ఆట ఆడించేవాడి దగ్గర అదే మాట అనండి, ముఖం మాడిపోతుంది. 1975లో గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకంలో వచ్చిన మంత్రాల పేక అది. ఎన్ని ముక్కలు తీస్తావో ముందే నోటితో చెప్పాలి. చెప్పాక భయపడి చెయ్యి వెనక్కి లాక్కుంటే, మిగతా ముక్కలు వాటంతటవే కట్టలోంచి ఎగిరొస్తాయి. ఒక ముక్కకు కోట దక్కుతుంది, ఇంకో ముక్కకు ఆస్తంతా హుష్‌కాకి. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది 2014 నాటి ఐదో కూర్పులోని 'ఇడియట్' ముక్క. తీసినవాడి తెలివి శాశ్వతంగా తగ్గుతుంది, కావాలంటే ఇంకో ముక్క తీసుకోవచ్చు. తెలివి తగ్గించాకే ఆ అవకాశం ఇవ్వడంలో ఎంత లోకజ్ఞానం ఉందో!

ఆ పేక ఆటలోకి దిగిందా, నెలల తరబడి అల్లిన కథ గంటలో గల్లంతు. అందుకని మనకు తగ్గ పేక మనమే తయారుచేసుకుందామనే బుద్ధి ఆడించేవాడికి ఎప్పుడో ఒకప్పుడు పుడుతుంది. నాకూ పుట్టింది. మా ఆటగాళ్లలో ఒకడు కూకట్‌పల్లి, ఒకడు విశాఖ, ఒకడు డాలస్. డాలస్‌వాడు శనివారం రాత్రి భోంచేసి కూర్చునేసరికి మాకు ఆదివారం టిఫిన్ వేళ. చాప పరిచి ముక్కలు పంచే వీలు లేదు గనుక ఫౌండ్రీ అనే, కంప్యూటర్ తెర మీది ఆటబల్ల మీద ఆడతాం. అందులో 2021 చివర్లో, తొమ్మిదో వెర్షన్‌తో, పేక వచ్చింది. కట్ట ఒకటి, పారేసిన ముక్కల కుప్ప ఒకటి, మనిషికో చెయ్యి. ఆ చేతి మీద హక్కు నేను రాసివ్వకపోతే ఎవడి ముక్కలు వాడికే కనబడవు. పొలం ఉండి పాసుపుస్తకం లేని రైతులా "నా ముక్కలేవి మామా?" అని మొదటి ఆదివారమంతా ముగ్గురూ నా చుట్టూ తిరిగారు.

ఇవన్నీ సర్దుకునేవే. రాయడమే కష్టం. మంచి ముక్క రాయడమంత చప్పటి పని లేదు. "బంగారం దొరికింది" అన్నాక ఇంకేం రాస్తాం? చెడ్డ ముక్కకు మాత్రం కలం ఆగదు. అలాగని చంపే ముక్క పనికిరాదు. చచ్చినవాడు మైక్ ఆపేసి నిద్రపోతాడు. మనిషిని బతికుంచి, ఇరకాటంలో పెట్టి, నోరు పెగిలేలా చెయ్యాలి.

అలాంటి చిక్కులు కోకొల్లలుగా ఎక్కడ దొరుకుతాయా అని వెతుకుతుంటే గోడకు వేలాడుతూ పంచాంగం కనిపించింది. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. ఏటా ఉగాదికి రాశికి ఇన్నని అంకెలు వేసి చేతిలో పెడుతూనే ఉన్నారు. మాయలఫకీరుతో తలపడడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ నాలుగూ మా పాత్రల లెక్కల్లో చేరాయి, తిథులు, శకునాలు, దుర్ముహూర్తాలు ముక్కలయ్యాయి.

'మేనత్త కొడుకు' అని ఒక ముక్క రాశాను. ఏ రాజ్యానికి వెళ్లినా ఒకడు "నన్ను గుర్తుపట్టలేదా బావా?" అంటూ వచ్చి మీ గుడారంలో తిష్ట వేస్తాడు. పొమ్మంటే అవమానం 3 పెరుగుతుంది, చంపితే 7. డ్రాగన్ని చూసి బెదరని మా డాలస్‌వాడు ఇతని మర్యాదలకే సగం ఖజానా ఖర్చుపెట్టాడు.

అన్నిట్లోకీ బాగా పండింది 'బల్లి'. ముక్క తీశాక పాచిక వెయ్యాలి, బల్లి ఒంటిమీద ఎక్కడ పడిందో దాన్నిబట్టి ఫలితం. విశాఖవాడి వీరుడికి తల నుంచి కాలిగోరు దాకా ఇనుప కవచం. "ఇనుము మీద పడితే ఒంటిమీద పడినట్టెలా అవుతుంది?" అని అడ్డం తిరిగాడు. నియమాల పుస్తకంలో బల్లి ఊసు లేదు. కూకట్‌పల్లివాడు వాళ్లమ్మగారికి ఫోన్ కలిపాడు. ఆవిడ సందర్భం ఏమిటని అడగనైనా అడగలేదు. "ఇనుము మీదైతే దోషం లేదు గానీ, ఎందుకైనా మంచిది, తలస్నానం చెయ్యమను" అని తీర్పిచ్చారు. పాతాళ గుహలో నీళ్లెక్కడివి? ఆ పూట మొత్తం నీళ్ల వేటే. నేను రాసిపెట్టుకున్న రాక్షసులు తమ వంతు కోసం ఎదురుచూసి విసిగిపోయి ఉంటారు.

ఒక ఆదివారం ఆట మొదలవకముందు నేను ముక్కలు సరిచూసుకుంటుంటే నాన్న వెనక నిలబడ్డారు. సంక్రాంతికి పేక పట్టారంటే కనుమ మర్నాడు దాకా దించని మనిషి.

"ముక్కకెంత?"

"డబ్బుల్లేవు నాన్నా."

"డబ్బుల్లేకుండా పేకేమిట్రా, ఒంట్లో బాగుందా?"

అయినా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఒకటి తియ్యమన్నాను. మౌస్‌తో నొక్కారు. 'ఆదాయం 2, వ్యయం 14' వచ్చింది. కళ్లద్దాలు పైకి తోసి రెండుసార్లు చదివారు.

"కట్ చెయ్యకుండా పంచితే ఇలాంటి ముక్కలే వస్తాయి. ఇటియ్యి, నేను కలుపుతాను."