బెంగ

ఆగస్టు వచ్చిందంటే శంషాబాద్ విమానాశ్రయంలో విమానమెక్కేవాడు ఒక్కడు, సాగనంపేవాళ్ళు పదిమంది. ఈసారి ఆ పదిమందిలో నేనూ ఉన్నాను. మా మేనల్లుడు ఎమ్మెస్ చదవడానికి డల్లాస్ వెళ్తున్నాడు.

ప్రయాణం ఖాయమైన దగ్గర్నుంచీ మా అక్కకి కంటిమీద కునుకు లేదు. హాల్లో గడియారం పక్కన ఇంకోటి తగిలించి, దానికి డల్లాస్ టైము పెట్టించింది. "ఇప్పుడు పదిన్నర గంటల తేడా, నవంబరులో వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకుంటారు, పదకొండున్నర అవుతుంది" అని బావగారు చెప్పేసరికి, "అంటే ఇంకో గంట దూరమైపోతాడా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

సూట్‌కేసుకి 23 కిలోలు, అలాంటివి రెండు. ఆవకాయ, గోంగూర, కందిపొడి మూడేసి కవర్లలో చుట్టి టేపు వేసింది. తూకం మించినప్పుడల్లా వాడి బట్టలు బయటికొచ్చాయి తప్ప పచ్చళ్ళు రాలేదు. కుక్కరు వెంట రెండు గాస్కెట్లు అదనం.

బావగారు ఏడవరు. పాస్‌పోర్టు, ఐ-20 చేతిసంచిలోనే ఉంచుకోమని దారిపొడుగునా చెబుతూనే ఉన్నారు. వాటికి నాలుగు సెట్లు జిరాక్సు తీయించి ఒకటి నా చేతిలో పెట్టారు. ఎందుకో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

వాడు మాత్రం నింపాదిగా ఉన్నాడు. మిగిలిన నాలుగు చొక్కాలూ గట్టిగా చుట్టి పెట్టె మూలల్లో కుక్కేశాడు, తాళంచెవి తాడుకి కట్టి మెళ్ళో వేసుకున్నాడు. "ఈ పనితనం ఎక్కడిదిరా?" అన్నాను.

"హాస్టల్ మావయ్యా."

విమానాశ్రయం గేటు దగ్గర అక్క వాడి చెయ్యి వదల్లేదు.

"జ్వరమొస్తే ఎవరు చూస్తార్రా?"

"మాత్ర వేసుకుని పడుకుంటానమ్మా. అలవాటేగా."

"వేళకి తింటావా?"

"తింటాను."

ఇక ఆపుకోలేక భోరుమంది. "నువ్వు లేకుండా ఆ ఇంట్లో మేమెలా ఉండాలిరా నాన్నా?"

వాడు ట్రాలీ పక్కకి నెట్టి, వాళ్ళమ్మ భుజం మీద చెయ్యి వేశాడు. గొంతులో వెటకారం ఇసుమంతైనా లేదు. నిజంగా ధైర్యం చెబుదామనే అన్నాడు:

"ఏం కాదమ్మా, ఉండగలరు. నన్ను ఆరో తరగతిలో హాస్టల్లో వేసిన దగ్గర్నుంచీ ఉంటూనే ఉన్నారుగా!"