మెట్టు కింద సువార్త

కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా సారా ముల్లల్లీ అనే మహిళ పేరు ప్రకటించిన నాటినుంచి మా మైపాడు దారిలో వేదాంతులకు కరువు లేకుండా పోయింది. కాంటర్‌బరీ ఎక్కడ, ఇందుకూరుపేట ఎక్కడ! ఇక్కడి సంఘాల్లో చాలావాటికి ఆంగ్లికన్లతో పిలుపులూ లేవు, పెట్టుపోతలూ లేవు. అయినా ప్రతి ఫోన్లోనూ ఒక దైవజనుడు వేలెత్తి, తిమోతికి పౌలు రాసిన మొదటి పత్రికలో స్త్రీ బోధించకూడదన్న రెండో అధ్యాయం తెరిచి, అంత్యదినాలు వచ్చేశాయని నిమిషంలోపు తేల్చేస్తున్నాడు. వెనక కీబోర్డు వాయిద్యం. కింద ఫోన్‌పే నంబరు.

వీడియోలతో పోతే పోనీ అనుకునేదాన్ని. ఈ చుట్టుపక్కల ఒక సంఘంలో కమిటీ కూర్చుని ఏకంగా తీర్మానమే చేసింది. సహోదరీలు ప్రార్థన చేయొచ్చు, పాట పాడొచ్చు, సాక్ష్యం చెప్పొచ్చు. వేదిక మాత్రం ఎక్కకూడదు. ఏం చెప్పినా మెట్టు కింద నిలబడి చెప్పాలి. కమిటీలో ఎవరెవరున్నారని అడక్కండి. అందరూ అన్నలే.

ఆ మెట్టును నేను వెళ్ళి చూశాను. జానెడు ఎత్తు. సిమెంటు కట్టుబడి, పైన తెల్ల టైల్స్, అంచుకు బంగారు రంగు పట్టీ. "ఏందన్నా ఈ మెట్టు కత?" అని ఒక పెద్దను అడిగితే, "అది వాక్యానుసారమమ్మా" అన్నాడు. ఆదికాండం నుంచి ప్రకటన దాకా ఎక్కడ వెతికినా టైల్స్ వేసిన మెట్టు నాకు కనపడలేదు. నా కళ్ళజోడు మార్చుకోవాలేమో.

పోనీ, జానెడు ఎత్తులో దుర్బోధ మొదలవుతుందనే ఒప్పుకుందాం. మరి ఎక్కణ్ణుంచి కొలవాలి? మాది సముద్రం ఒడ్డు. ఇక్కడ మెట్టెక్కి నిలబడ్డ ఆడమనిషి కంటే ఉదయగిరి సంఘంలో నేలమీద చాప పరుచుకుని కూర్చున్న ముసలమ్మ ఎంతో ఎత్తున ఉంటుంది. ఆ లెక్కన ఉదయగిరి ఆడవాళ్ళు నోరే తెరవకూడదు. మైపాడు ఆడవాళ్ళు మేడెక్కి ప్రసంగించినా తప్పు లేదు. సర్వేయర్ను పిలిపించి ప్రతి చర్చి గోడమీదా గీత గీయిస్తే గానీ ఈ సిద్ధాంతం నిలబడేలా లేదు.

ఇంకో చిక్కుంది. మాట్లాడే సహోదరి కాళ్ళు కిందే ఉన్నాయి, నిజమే. చేతిలో మైకు పెట్టారు. ఆ మైకు మాట వచ్చే స్పీకర్లు అయ్యగారి నెత్తికి పైన, గోడకు బిగించి ఉన్నాయి. అంటే ఆమె గొంతు పుల్పిట్‌ను దాటి, శిలువ బొమ్మను దాటి, ఫ్యాను పక్కనుంచి సంఘం మీదికి దిగుతోంది. అధికారం పాదాల్లో ఉంటుందా, కంఠంలో ఉంటుందా? ఈ ప్రశ్నకు పెద్దలు ప్రార్థనలో కనిపెట్టి చెబుతామన్నారు.

ఆమెకు బాప్తీస్మం ఇచ్చేది ఎక్కడ? సముద్రంలో. నడుములోతు నీళ్ళలో అయ్యగారూ ఆమే ఒకే ఇసకమీద నిలబడతారు. అల ఇద్దరినీ ఒకేలా తోస్తుంది. అక్కడ మెట్టు కట్టడానికి కాంట్రాక్టరు దొరకలేదు కాబోలు.

అయ్యగారు స్వస్థత కూడికలకని హైదరాబాదు వెళ్ళిన ఆదివారం పాస్టరమ్మ వాక్యం చెబుతుంది. అదే పుల్పిట్, అదే మెట్టు, పైనే నిలబడుతుంది. ఆ వారం ఎవరి విశ్వాసమూ చెడదు. అయ్యగారు రైలు దిగగానే మెట్టుకు మళ్ళీ పవిత్రత వచ్చేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం శనివారం సాయంత్రం. ఆ వేదికను కడిగేదెవరు? బకెట్టు, చీపురు పట్టుకుని మెట్టెక్కి, పుల్పిట్ పక్కకు జరిపి, మూలమూలా తుడిచి, పూలు సర్ది, తెల్లగుడ్డ పరిచి దిగేదెవరు? చేతిలో చీపురుంటే అడ్డం రాని మెట్టు, చేతిలో బైబిలుంటే అడ్డం వస్తోంది. ఇక్కడ నాకు నవ్వు ఆగిపోయింది. దీన్ని వాక్యానుసారం అనకండి. కూలికి మనిషి కావాలి, మాటకు వద్దు అనండి. ఉన్నమాట అదే.

మిగతా వింతలు గబగబా చెప్పేస్తాను. సండే స్కూల్లో మగపిల్లాడికి మీసం మొలిచేదాకా ఆమె చెప్పింది వాక్యం, మొలిచాక దుర్బోధ. ఉపవాస కూడికలో ఆమె ప్రార్థిస్తే జ్వరం తగ్గుతుంది, ఆదివారం ఆరాధనలో ప్రార్థిస్తే క్రమం తప్పుతుంది. పిడికెడు బియ్యం తీసిపెట్టే చెయ్యి ఆమెది, ఆ బియ్యం లెక్క రాసే చెయ్యి ఆయనది.

వీళ్ళకు పౌలు కూడా ముక్కలు ముక్కలుగానే కావాలి. స్త్రీ ప్రార్థించేటప్పుడూ ప్రవచించేటప్పుడూ ముసుగు వేసుకోవాలని కొరింథీయులకు రాసింది ఆ పౌలే. ముసుగు జారితే చాలు, వెనక వరసనుంచి సైగలు చేస్తారు. ఆ ముసుగు ఏం చేసేటప్పుడు వేసుకోమన్నాడో మాత్రం చదవరు. అపొల్లో అంతటి వక్తను ఇంటికి తీసుకెళ్ళి మార్గాన్ని సరిగ్గా వివరించిన ఇద్దరిలో ప్రిస్కిల్ల ఒకతె. రోమా పత్రిక చివర పౌలు చెప్పిన పేర్లలో మొదటిది ఫీబే. ఫిలిప్పు కూతుళ్ళు నలుగురూ ప్రవచించేవాళ్ళు. ఖాళీ సమాధి వార్తను మగ శిష్యులకు మోసుకెళ్ళింది మగ్దలేనే మరియ. ఆమెను గుమ్మం దగ్గర ఆపి, మెట్టు కింద నిలబడి చెప్పమ్మా అని ఉంటే, మీరు ఈస్టరు నాడు ఏం ప్రసంగిస్తారయ్యా?

"పాశ్చాత్య పోకడలు మన సంఘాల్లోకి రానివ్వం" అంటున్నారే, అది ఇంకా పెద్ద తమాషా. 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఇ. పుష్పలలిత బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్ ఆమె, కర్నూలు సీమ బిడ్డ. ఇంగ్లండు సంఘంలో మొదటి మహిళా బిషప్‌గా లిబీ లేన్ అభిషేకం పొందింది 2015లో. ఇంగ్లండు వాళ్ళకంటే ముందే మనం చేసిన పని ఇది. కొత్త పోకడ వాళ్ళది, పాత అలవాటు మనది.

నిజంగా దిగుమతైన సరుకు ఏదో చెప్పమంటారా? ఈ నిషేధమే. అమెరికాలో సదరన్ బాప్టిస్టులు పాస్టరు పదవి మగవాళ్ళకేనని 2000లో తమ విశ్వాస ప్రమాణంలో రాసుకున్నారు. ఆడవాళ్ళను పాస్టర్లుగా పెట్టుకుందని 2023లో శాడిల్‌బ్యాక్ అనే మహాసంఘాన్ని వెలివేశారు. ఇక్కడి వీడియోల్లో వినపడే వాదనలు అక్కడివే, తెలుగు మాటలు తొడుక్కుని వచ్చాయి. ఆ సదరన్ బాప్టిస్టులు 1845లో ఎందుకు వేరు కాపురం పెట్టారో కూడా చెప్పండి మీ వీడియోల్లో. బానిసల్ని ఉంచుకునే వాళ్ళను మిషనరీలుగా పంపుతామన్నారు, ఉత్తరాది వాళ్ళు కుదరదన్నారు. మన తెలుగు బాప్టిస్టులకు పునాది వేసిన నెల్లూరు మిషన్ ఆ ఉత్తరాది వాళ్ళ పక్షాన నిలిచింది. మన వంశవృక్షం వదిలేసి, పక్కింటివాడి తగాదాను తెచ్చి మన నట్టింట్లో పెట్టుకున్నాం.

ఆ నెల్లూరు మిషన్‌ను అమెరికాలో మూసేద్దామని మాటలు నడుస్తున్న రోజులున్నాయి. 1854 కొత్త సంవత్సరం తెల్లవారుజామున ఒంగోలు కొండమీద అయిదుగురు నిలబడి ప్రార్థించారు. మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. లెక్కపెట్టండి. అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు. అది జానెడు మెట్టు కాదు, కొండ. వాళ్ళను కిందనే ఆగమన్నవాడు లేడు. జూలియా మన నెల్లూరు మనిషి, బైబిల్ స్త్రీగా పనిచేసింది. ఆ తర్వాత మిషనరీ క్లౌ దొర వచ్చాడు, కరువు వచ్చింది, కరువు పనులుగా బకింగ్‌హాం కాలువ తవ్వకం వచ్చింది. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తీస్మం జరిగింది. ఈ అంకె కంఠతా చెప్పని తెలుగు బాప్టిస్టు పాస్టరు లేడు. ఆ కొండమీది ముగ్గురి పేర్లు చెప్పమంటే మాత్రం నీళ్ళు నములుతారు.

మగ మిషనరీ అడుగుపెట్టలేని ఇళ్ళలోకి, పెరటి గుమ్మం గుండా, సంచిలో సువార్త పుస్తకం పెట్టుకుని వెళ్ళింది బైబిల్ స్త్రీలే. చెప్పులు అరిగింది వాళ్ళవి, ఫ్రేము కట్టించుకున్న ఫోటోలు దొరలవి, అయ్యగార్లవి. ఈ మాట రాస్తుంటే నాకు వ్యంగ్యం రావడం లేదు, ఒళ్ళు మండుతోంది. ఒక జాతి విశ్వాసాన్ని నోటితో, కాళ్ళతో ఇంటింటికీ చేర్చినవాళ్ళ మనవరాళ్ళను పట్టుకుని, నీకు బోధించే అర్హత లేదనడానికి మీకు నోరెలా వస్తోంది?

అర్హతలంటారా, హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో ఆడపిల్లలూ మగపిల్లలతో కలిసి బి.డి. చదువుతున్నారు. అదే సిలబస్, అదే సెరాంపూర్ పరీక్ష. పట్టా చేతికొచ్చాక అతనికి సంఘం, ఆమెకు ఆడపిల్లల హాస్టలు. లేదంటే ఒక పాస్టరుతో పెళ్ళి చేసి, జీతం లేని పాస్టరమ్మ ఉద్యోగం.

కాబట్టి కమిటీ అన్నలకు నా మనవి ఒక్కటే. ఎటూ తీర్మానాలు రాయడం వచ్చు గదా, ఇంకొకటి రాయండి. చదువుకున్న ఆ పిల్లను పిలిపించి, నెలకు ఎన్ని ఆదివారాలు, ఎంత జీతం అని రెండే రెండు అంకెలు వేసి, సంతకాలు పెట్టి, నోటీసు బోర్డుకు అంటించండి. వేదిక ఎలా ఎక్కాలో మీరు నేర్పక్కర్లేదు. ఆడవాళ్ళు ప్రతి శనివారం ఎక్కుతూనే ఉన్నారు.